వైనో సారెలా ‘సరే’ అన్న రోజు

వైనో సారెలా నోరు తెరిచే ముందు ఎడమ భుజాన్ని కుడిచేత్తో దులిపేవాడు. రెండుసార్లు, నెమ్మదిగా. అక్కడ ఏమీ ఉండేది కాదు. కెల్వీ ఊళ్ళో చాలాకాలం సెలూన్ నడిపాడు. సెలూన్ మూసేసి ఏళ్ళయింది, కత్తెరలు ఎవరికో ఇచ్చేశాడు. చెయ్యి మాత్రం లేని వెంట్రుకలను దులుపుతూనే ఉంది. దులిపాక ఒకటే మాట వచ్చేది.

“వద్దు.”

కాఫీ పొయ్యమంటారా అంటే వద్దు. కుర్చీ ముందుకు జరపమంటారా అంటే వద్దు. పక్కింటివాళ్ళు చేపలు పట్టి తెచ్చి గుమ్మంలో నిలబడితే వద్దు. ఆ చేపలను వెనక గుమ్మంలోంచి అతని భార్య ఐలి తీసుకునేది. సాయంత్రం అవే చేపలను వైనో రెండోసారి వడ్డించుకుని తినేవాడు.

సెలూన్ ఉన్న రోజుల్లో కూడా ఇంతే. మనిషి కుర్చీలో కూర్చుని, “పైన పొట్టిగా, పక్కల ఇంకా పొట్టిగా” అనేవాడు.

“వద్దు.”

“తల నాది, వైనో.”

“చెవులూ నీవే. వాటిని కాస్త దాచాలి. కదలకు.”

ఆ ఊరి మగవాళ్ళు చాలామంది తాము అడగని క్షవరాలతో పెళ్ళి చేసుకున్నారు. ఆ పెళ్ళి ఫొటోలు ఇప్పుడు చూసుకుంటే చెవుల విషయంలో అతను చెప్పిందే నిజమని ఒప్పుకోక తప్పదు.

అతని పెళ్ళిలో, “ఈమెను భార్యగా స్వీకరిస్తావా?” అని పాస్టరు అడిగినప్పుడు వైనో కుడిచెయ్యి భుజం దాకా లేచిందట. ఐలి ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. “అప్పట్నుంచి పట్టుకునే ఉన్నాను. వదిలితే దులుపుతాడు” అంటుంది ఐలి.

మార్లిస్ హౌటలాకు ఈ సంగతులన్నీ తెలుసు. ఆమె బడి బస్సు నడుపుతుంది. పెర్చ్ లేక్ రోడ్డు చివర బస్సు తిరిగేది వైనో ఇంటి ముందే. రోజూ పొద్దున బస్సు తిప్పుతూ తలుపు తెరిచేది. వాకిట్లో మంచు తోస్తూ ఆయన ఉండేవాడు.

“ఊళ్ళోకి వస్తారా, వైనో? దింపేస్తాను.”

భుజం దులుపు. “వద్దు.”

“ఏదో ఒక రోజు వస్తానంటారేమోనని అడుగుతున్నా.”

“అడుగు పిల్లా. మానకు.”

మార్లిస్‌కు యాభై దాటాయి. ఈ భూమ్మీద ఆమెను పిల్లా అని పిలిచేవాడు ఆయన ఒక్కడే మిగిలాడు. అందుకని కూడా అడిగేది.

*

ఇలాంటి మనిషిని ఎవరైనా స్కూలు బోర్డులోకి పంపుతారా? కెల్వీ పంపింది. మొదటిసారి నవ్వులాటకు ఓటేశారు. తరవాత అలవాటైపోయింది. ఆ కుర్చీ కావాలని ఇంకెవరూ అడగలేదు.

బోర్డులో ఏడుగురు. నెలకోసారి సాయంత్రం బడి లైబ్రరీలో పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుంటారు. అధ్యక్షుడు గోర్డన్ ట్రెతెవీ. మంచివాడు, గొంతు పెద్దది. చిన్నప్పుడు ఇదే బడి బ్యాండులో ట్రాంబోన్ ఊదాడు, ఆ ఊదడం ఇంకా మాటల్లో మిగిలిపోయింది. వరసగా పేర్లు పిలిచి ఓటు రాసుకునే గుమాస్తా ఫిలిస్. సారెలా పేరు వచ్చేసరికి ఆమె తలెత్తేది కాదు. ఆ పేరు ఎదురుగా ‘వద్దు’ అని ఇంటి దగ్గరే టైపు చేసుకుని వచ్చేది.

బడి గంట కొత్తది కొందామంటే ఆరుగురు సరే, వైనో వద్దు. పాత గంటే ఉంచుదామంటే ఆరుగురు సరే, వైనో వద్దు. అతనికి డెబ్భై ఏళ్ళు నిండినప్పుడు బోర్డు అభినందన తీర్మానం పెట్టింది. అది కూడా ఆరు ఒకటి తేడాతోనే నెగ్గింది.

“ఇంక సమావేశం ముగిద్దామా?” అని గోర్డన్ చివర్లో అడిగేవాడు. అందరూ సరే అనేవాళ్ళు. వైనో భుజం దులిపి వద్దు అనేవాడు. అని, అందరికన్నా ముందు కోటు తొడుక్కుని తలుపు దగ్గరికి చేరేవాడు.

“ముగించొద్దన్నావు గదయ్యా, ఎక్కడికి?”

“మీరు గెలిచారు. నేను ఇంటికి పోతున్నాను.”

నవ్వేవాళ్ళు. నవ్వాక ఆ లైబ్రరీలో నిశ్శబ్దం ఇంకాస్త ఎక్కువయ్యేది. అల్మారాల నిండా పుస్తకాలున్నాయి. పుస్తకాలిచ్చే మనిషి లేదు. ఆమెను తీసేసి అప్పటికి చాలాకాలమైంది.

గని మూతపడ్డాక ఊరు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. పిల్లలు తగ్గారు. పిల్లల లెక్కన రాష్ట్రం ఇచ్చే డబ్బు తగ్గింది. బడి మాత్రం తగ్గలేదు. అదే కప్పు, అదే బాయిలర్, కప్పు మీద అదే మంచు. అందుకని ప్రతి వసంతంలో ఆ బల్ల మీద ఏదో ఒకటి పోయేది. ఒక ఏడు లైబ్రరీ మనిషి. ఒక ఏడు ఫ్రెంచి పాఠం. ఒక ఏడు నర్సు. ఇప్పుడు ఆమె మంగళవారాలు మాత్రమే వస్తుంది, పిల్లలు మంగళవారం దాకా ఆగి దెబ్బలు తగిలించుకోవాలి. కిందటేడు నేల తుడిచే మనిషి. తీసేసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. లెక్క అలా ఉంది. ఒకటి ఉంచాలంటే ఇంకొకటి తియ్యాలి. తీసేటప్పుడు గోర్డన్ గొంతు కూడా చిన్నదయ్యేది.

ప్రతిసారీ ఆరుగురు సరే. ఒకరు వద్దు.

*

వంటగది మూసినప్పటి సంగతి మార్లిస్‌కు బాగా గుర్తుంది. వంట చేసే లియోనా ఆమె స్నేహితురాలు. గురువారాల్లో పాస్టీలు చేసేది. పిండి పొరలో మాంసం, బంగాళాదుంప, టర్నిప్ దుంప కూరి కాల్చినవి. ఆ రోజు బడికి రాని పిల్లలుండేవాళ్ళు కారు. అక్కడ వంట ఆపేసి, పక్క పట్నం నుంచి గడ్డకట్టిన భోజనం పెట్టెల్లో తెప్పించాలని నిర్ణయమైంది. ఆరు, ఒకటి.

మరుసటి నెల సమావేశంలో వైనో చెయ్యెత్తాడు. అతను చెయ్యెత్తడం వింత. అందరూ చూశారు.

“ఆ వంటగది విషయం తిరగదోడాలి” అన్నాడు.

గోర్డన్ నవ్వాడు. “నువ్వు తిరగదోడలేవు, వైనో.”

“ఎందుకని?”

“నువ్వు ఓడావు. నియమం అది. ఓడినవాళ్ళకి తిరగదోడే హక్కుంటే రోజూ అదే పని. గెలిచిన వైపు ఓటేసినవాళ్ళే అడగాలి. అదీ మర్నాడు మధ్యాహ్నంలోపు ఫిలిస్ దగ్గర చెప్పాలి.”

“గెలిచినవాడు ఎందుకడుగుతాడు?”

“అదే గదా అందులో అందం!”

బల్లంతా నవ్వింది. గోడ వారగా కుర్చీలో కూర్చున్న మార్లిస్ కూడా నవ్వింది. వైనో నవ్వలేదు. కోపం తెచ్చుకోలేదు. చాలాసేపు గోర్డన్ జుట్టు వైపు చూశాడు, ఎవరో పరాయివాడు కత్తిరించిన జుట్టు అది. తరవాత సమావేశం ముగిద్దామన్నారు. వద్దన్నాడు.

*

ఈ ఏడు బల్ల మీదికి మూడు వచ్చాయి. సూపరింటెండెంటు డెనీస్ బ్రూసో గోడ మీద లెక్కల పట్టిక వేసి చూపించింది. డెనీస్ రెండు రాత్రులు నిద్రపోని ముఖంతో ఉంది.

“బ్యాండు. లేక్ రోడ్డు బస్సు. ఫుట్‌బాల్ జట్టు దూర ప్రయాణాలు. ఈ మూడింటిలో ఒకటి ఆగిపోవాలి. నన్ను తిట్టండి, పడతాను. కానీ ఒకటి ఆగాలి.”

ఫుట్‌బాల్ వైపు ఎవరూ చూడనైనా చూడలేదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో సగంమంది మోకాళ్ళు ఆ ఆటలోనే పోయాయి. కాబట్టి మిగిలినవి రెండు. బ్యాండు, బస్సు.

“బస్సు పూర్తిగా ఆగదు” అని డెనీస్ మార్లిస్ వైపు చూడకుండా చెప్పింది. “హైవే మలుపు దాకా వస్తుంది. లేక్ రోడ్డులోకి వెళ్ళదు. ఆ పిల్లలు మలుపు దాకా నడిచి రావాలి.”

లేక్ రోడ్డు పొడవు మైలున్నర. దీపాలు లేవు. అటువైపు అడవి, ఇటువైపు సరస్సు. చలికాలంలో బడి వేళకు ఇంకా చీకటే. మలుపు దగ్గర దుంగల లారీలు ఆగకుండా పోతుంటాయి. ఆ రోడ్డు మీద ఎనిమిదిమంది పిల్లలున్నారు. అందరికన్నా చిన్నవాడు మొన్నమొన్నటిదాకా బస్సు మెట్టు ఎక్కలేక మోకాళ్ళ మీద పాకేవాడు. అందరికన్నా పెద్దది సిల్వీ. వైనో పక్కిల్లు. ఆ పిల్ల బ్యాండులో ట్యూబా ఊదుతుంది, ఇత్తడి బాకాలన్నిటిలోకీ పెద్దది. దాని నల్లపెట్టె బస్సులో ఒక సీటు తనే తీసుకుంటుంది.

బస్సు అటు పోకపోతే మార్లిస్‌కు సగం పని పోతుంది. అది ఆమెకు బాధే. కానీ నిద్ర పట్టనిది ఆ మోకాళ్ళ మీద పాకిన వాడిని తలుచుకుని.

ఓటుకు నాలుగు రోజుల ముందు సహకార దుకాణంలో లియోనా కనిపించింది. లియోనా ఇప్పుడు వృద్ధాశ్రమంలో వండుతోంది, ఉప్పు లేకుండా.

“ఎటు పోతుందంటావు?” అని అడిగింది లియోనా.

“బస్సే పోతుంది. గోర్డన్ ముందే చెప్పేశాడు, బ్యాండు వైపే తన ఓటని. వాడు ఒకసారి అన్నాడంటే అన్నాడే. మిగతావాళ్ళలో ముగ్గురు వాడి వైపు. ఇద్దరు నా వైపు. ఇంక వైనో.”

“వైనో వద్దంటాడు.”

“వైనో అన్నిటికీ వద్దంటాడే లియోనా. లెక్కలోకి రాదు. గాలి వీచినట్టు.”

లియోనా బంగాళాదుంపల సంచి కింద పెట్టింది.

“నాకు లెక్కలోకి వచ్చింది” అంది. “నేనక్కడ గోడ వారగా కూర్చున్నాను, నా చేతి వంట తిని పెరిగిన వాళ్ళు వరసగా సరే సరే అంటున్నారు. నేల చీలితే బాగుండుననిపించింది. అప్పుడు ఆయన భుజం దులిపి వద్దన్నాడు. ఒక్కటే. నేను ఇంటికి ఆ ఒక్కటీ పట్టుకుపోయాను.”

మార్లిస్ ఆ సంచి తీసి బల్ల మీద పెట్టింది.

“తరవాత అడిగాను, దానివల్ల ఏం లాభం వైనో అని. జుట్టయితే మళ్ళీ పెరుగుతుందన్నాడు. అయినా కత్తెర పెట్టేముందు వద్దనేవాణ్ణి, ఇక్కడ తీసేసినవి మళ్ళీ పెరగవు కదా అన్నాడు. మనిషిని పంపించేసేటప్పుడు ఒక్కరైనా వద్దనాలి, లేకపోతే ఊరంతా కలిసి తోసేసినట్టుంటుందన్నాడు.”

“అంత పొడుగు మాట్లాడాడా?”

“మధ్యలో రెండుసార్లు దులుపుకున్నాడులే.”

దుకాణంలోంచి బయటికి వచ్చాక మార్లిస్ కారులో కాసేపు ఊరికే కూర్చుంది. రోడ్డు పోతుందని ఆమెకు తెలుసు. అయినా ఆ ఒక్కటీ తనకు కూడా కావాలనిపించింది. అంతవరకు ఎప్పుడూ ఆ మాట కోసం ఎదురుచూడలేదు.

*

ఓటు రోజు లైబ్రరీ నిండిపోయింది. ఏప్రిల్ నెలే గానీ బయట తడిమంచు పడుతోంది. కోట్ల నుంచి ఆవిరి లేస్తోంది. మార్లిస్‌కు మాట్లాడే అవకాశం ఇచ్చారు. చలికాలం గురించి చెప్పింది, లారీల గురించి చెప్పింది.

గోర్డన్ మెల్లగానే అన్నాడు. “మార్లిస్, మనమంతా నడిచి చదువుకున్నవాళ్ళమే.”

“నువ్వు గని కాలనీలో ఉండేవాడివి, గోర్డన్. బడి మీ పెరట్లో ఉండేది.”

నవ్వులు వచ్చాయి. గోర్డన్ చెవులు ఎర్రబడ్డాయి. వాటిని దాచే జుట్టు లేదు.

“బ్యాండు పోతే ఈ బడికి గొంతు పోయినట్టే. నా మాట నేను ముందే చెప్పాను, మార్చను. ఫిలిస్, పిలువు.”

ఫిలిస్ పేర్లు పిలిచింది. లేక్ రోడ్డు బస్సు ఆపడానికి సరేనా, వద్దా. ఐదుగురు అయ్యారు. ముగ్గురు సరే, ఇద్దరు వద్దు. అందరూ అనుకున్నట్టే.

“సారెలా” అంది ఫిలిస్, తలెత్తకుండానే.

వైనో చెయ్యి లేచింది. భుజం ఒకసారి దులిపాడు. రెండుసార్లు. ఆగాడు. మూడోసారి కూడా దులిపాడు. మూడోసారి దులపడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

“సరే” అన్నాడు.

ఫిలిస్ తలెత్తింది. “ఏమన్నారు?”

“సరే.”

“సరే అన్నారా?”

“విన్నావు గదా.”

గది అంతా కదిలింది. ఎవరో వెనక నుంచి, “ఆయనకి ఒంట్లో బాగుందా?” అన్నారు. టైపు చేసిన ‘వద్దు’ను చెరపడానికి ఫిలిస్‌కు ఏ మీట నొక్కాలో కాసేపు తెలియలేదు. గోర్డన్ కూడా సరే అన్నాడు. అయిదు, రెండు. లేక్ రోడ్డు పోయింది.

మార్లిస్ కోటు గుండీలు పెట్టుకుంటోంది. ఒకటి తప్పుగా పెట్టుకుంది. గాలి వీచినట్టు అనుకున్న మాట ఇవాళ వీచలేదు. చేపలకు వద్దన్నాడు, పుట్టినరోజుకు వద్దన్నాడు, నా రోడ్డుకు సరే అన్నాడు.

తలుపు దగ్గర గోర్డన్ వైనో చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. “ఇన్నేళ్ళకి! ఇన్నేళ్ళకి మనిద్దరం ఒక మాట మీద ఉన్నాం! నువ్వేమడిగినా చేస్తాను, అడుగు.”

“పొద్దున మా ఇంటికి కాఫీకి రా. ఆరింటికి.”

“నువ్వు? నన్ను? కాఫీకి?”

“ఐలి ఏలకుల రొట్టె చేస్తుంది. బూట్లు మంచివి వేసుకో.”

మార్లిస్ వాళ్ళను దాటి వెళ్ళబోయి ఆగింది.

“మీరు వద్దన్నా గెలిచేది కాదు, నాకు తెలుసు” అంది. “అయినా అంటారనుకున్నాను.”

వైనో ఆమె గుండీల వైపు చూశాడు. “పొద్దున బస్సు వస్తుందా, పిల్లా?”

“జూన్ దాకా వస్తుంది.”

“మంచిది.”

పిల్లా అన్నందుకు ఆమెకు ఏడుపు వచ్చింది. కారు దాకా ఆపుకుంది.

*

మర్నాడు పొద్దున ఇంకా చీకటే. మార్లిస్ హైవే మీద వస్తోంది. ఇవాళ వాకిట్లో ఆయన కనిపిస్తే తలుపు తెరవకూడదని నిశ్చయించుకుంది. లేక్ రోడ్డు మలుపు దగ్గర లైట్ల వెలుగులో ఇద్దరు మనుషులు, వాళ్ళ మధ్య నల్లగా ఇంకొకటి కనిపించాయి. ముందు ఎలుగుబంటి పిల్ల అనుకుంది. బస్సు ఆపింది.

వైనో, గోర్డన్. మధ్యలో ట్యూబా పెట్టె.

అప్పుడే ఒక దుంగల లారీ పోయినట్టుంది. ఇద్దరూ భుజాల దాకా బురదమంచుతో తడిసి ఉన్నారు. గోర్డన్ నోటి నుంచి ఆవిరి పొగబండిలా వస్తోంది. పెట్టె పట్టీ అతని మెడ చుట్టూ ఉంది.

మార్లిస్ తలుపు తెరిచింది. నిశ్చయం సంగతి గుర్తు రాలేదు.

“ఇదేమిటి?”

“కాఫీకి పిలిచాడు” అన్నాడు గోర్డన్. “కాఫీ ఇచ్చాడు, రొట్టె ఇచ్చాడు. తరవాత మలుపు దాకా నడుద్దాం, పక్కింటి పిల్ల బాకా ఒకటి తీసుకెళ్ళాలన్నాడు. నేనే మోస్తానన్నాను. మోస్తానన్నానా లేదా, వైనో?”

“అన్నావు.”

“రెండుసార్లు పడ్డాను.”

“మూడు” అన్నాడు వైనో.

“సిల్వీ ఏది?” అంది మార్లిస్.

“ఇంట్లో ఉంది, వెచ్చగా” అన్నాడు వైనో. “ఇవాళ దాని బాకా ఒక్కటే నడిచింది.”

గోర్డన్ పెట్టెను బస్సు మెట్టు మీద దించాడు.

“ఆ పిల్ల రోజూ ఇది మోసుకుని ఈ చీకట్లో రావాలా?”

“మొయ్యలేకపోతే మానేస్తుంది” అన్నాడు వైనో.

“బ్యాండులో ట్యూబా ఇదొక్కటే ఉంది.”

“అవును.”

“ట్యూబా లేకపోతే బ్యాండు...”

గోర్డన్ ఆ మాట పూర్తి చెయ్యలేదు. ట్రాంబోన్ ఊదినవాడు, ఎవరూ చెప్పనక్కర్లేదు. బస్సెక్కి మొదటి సీట్లో కూలబడ్డాడు. వైనో ఇంకా కిందే నిలబడి ఉన్నాడు. మార్లిస్ ఆయన వైపు చూసింది.

“ఊళ్ళోకి వస్తారా, వైనో? దింపేస్తాను.”

చెయ్యి భుజం దాకా లేచింది. అక్కడ ఆగింది. తరవాత కమ్మీ పట్టుకుని మెట్టెక్కాడు.

బస్సు లేక్ రోడ్డులోకి తిరిగింది. ఒక్కొక్క ఇంటి ముందూ ఆగింది. పిల్లలు ఎక్కుతూ ఎక్కుతూ బోర్డు అధ్యక్షుణ్ణి చూసి, ఆయన కాళ్ళ దగ్గర చేరిన నీటి మడుగును చూసి, మెల్లగా కూర్చున్నారు. చిన్నవాడు మెట్టు దగ్గర ఆగి, “ఈ తాత లారీ కింద పడ్డాడా?” అని అడిగాడు. సిల్వీ తన పెట్టెను చూసుకుని, “థాంక్సండీ, బరువేం కాలేదుగా?” అంది. గోర్డన్ తల కూడా తిప్పలేదు. కిటికీలోంచి రోడ్డునే చూస్తున్నాడు. అటు చివర్న వైనో ఇంటి కిటికీలో ఐలి నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు.

“ఐలి కోపంగా ఉందా?” అంది మార్లిస్ అద్దంలోంచి.

“రాత్రి నుంచి మాట్లాడలేదు. కాఫీ గోర్డన్ ఒక్కడికే పోసింది.”

“ఎందుకు సరే అన్నారో ఆమెకైనా చెప్పలేదా?”

“ముందు పని కావాలి” అన్నాడు వైనో.

బడి ముందు పిల్లలందరూ దిగారు. బోర్డు ఆఫీసు అదే భవనంలో, వెనక వరండాలో. ఫిలిస్ అప్పుడే తాళం తీస్తోంది. వైనో వెళ్ళి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. బస్సు తాళంచెవులు చేత్తో పట్టుకుని మార్లిస్ గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక గోర్డన్, తడి టోపీ పిండుకుంటూ.

“రాత్రి ఓటు తిరగదోడాలి” అన్నాడు వైనో.

ఫిలిస్ జాలిగా చూసింది. “మీకెన్నిసార్లు చెప్పాలి, వైనో. ఓడినవాళ్ళు అడగడానికి...”

ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసింది. మళ్ళీ పెట్టుకుంది.

“మీరు ఓడలేదు.”

“లేదు.”

“మీరు గెలిచారు.”

“గెలిచాను” అన్నాడు వైనో, జబ్బు చేసినట్టు ముఖం పెట్టి. “ఒక్కసారే. ఇంక మళ్ళీ అడగకు.”

మార్లిస్‌కు అప్పుడు వంటగది సమావేశం గుర్తొచ్చింది. బల్లంతా నవ్విన నవ్వు, తన నవ్వు గుర్తొచ్చాయి. ఈయన నవ్వకుండా గోర్డన్ జుట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ నియమాన్ని అంతకాలం దాచుకున్నాడు. తనకున్న ఒక్క ‘వద్దు’నూ దానికోసం వదులుకున్నాడు.

“రాత్రంతా మిమ్మల్ని తిట్టుకున్నాను” అంది.

“ఎక్కువ తిట్టావా?”

“మన తాతల ఫిన్నిష్‌లో కూడా.”

“మంచిది. మర్చిపోతున్నారు అందరూ ఆ భాష.”

గోర్డన్ గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో ఇవాళ ట్రాంబోన్ లేదు. “నేనింకా ఏమీ అనలేదు. అదొకటి ఉంటే ఇంకొకటి పోవాలి, డెనీస్ చెప్పింది నిజమే.” కాసేపు టోపీని చూసుకున్నాడు. “ఫుట్‌బాల్ వాళ్ళు నన్ను చంపేస్తారు” అన్నాడు, అప్పటికే చచ్చినవాడిలా. అని వెళ్ళి డెనీస్ గది తలుపు కొట్టాడు.

ఫిలిస్ కంప్యూటరు ముందు కూర్చుని కొత్త కాగితం మొదలుపెట్టింది. లేక్ రోడ్డు బస్సు, మళ్ళీ ఓటు. ఏడు పేర్లూ వరసగా కొట్టింది. సారెలా పేరు ఎదురుగా ఇంటికి వెళ్ళేదాకా ఆగలేదు, అక్కడే ‘వద్దు’ అని కొట్టేసి తెరను అతని వైపు తిప్పింది.

వైనో చూశాడు. ఎడమ భుజాన్ని రెండుసార్లు దులిపాడు. ఈసారి అక్కడ నిజంగానే ఉంది: లారీ చిమ్మిన మంచు, బురద, ఒక దేవదారు చెక్కపేడు. అంతా ఫిలిస్ నేల మీద పడింది.

వైనో ఆ మరకను చూశాడు. మూల ఆనించి ఉన్న తుడుపుకర్రను చూశాడు. దాన్ని పట్టుకునే మనిషి కిందటేడు పోయాడు, ఆరు ఒకటి తేడాతో. వైనో కోటు విప్పి కుర్చీ మీద వేశాడు, వెళ్ళి ఆ కర్ర తెచ్చి తుడవడం మొదలుపెట్టాడు. తన బూట్ల మరకలతో ఆగలేదు. గోర్డన్ మరకలు తుడిచాడు, మార్లిస్ మరకలు తుడిచాడు, వరండాలోకి పోయాడు.

“వద్దండీ, ఇలా ఇవ్వండి” అంటూ ఫిలిస్ వెనకే వెళ్ళింది.

“సరే” అన్నాడు వైనో, తుడుస్తూనే.